ఆసుపత్రి అనుభవాల మీద పరిశోధన: ప్రశ్నలు రాసే చోట మనమూ కూర్చోవాలి

(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి కిస్తీలు పొద్దుట్నుంచి వింటూనే ఉన్నారు. భోజనాల వేళ అవుతోందని మాకూ తెలుసు. అయినా ఈ విషయం మీద మీ తీర్మానం కావాలి. అందుకని కాస్త ఓపిక పట్టమని అడుగుతున్నాం.

సంగతి ఇది. ఒక వైద్య కళాశాలలో పనిచేసేవాళ్లు మన సమాఖ్యకు ఉత్తరం రాశారు. గర్భసంచి తీసేసే ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లకు ఆసుపత్రిలో ఏం ఎదురైంది, ఎవరు ఏం చెప్పారు, ఇంటికొచ్చాక ఎలా గడిచింది, ఇవన్నీ తెలుసుకునే పని మొదలుపెట్టాలని వాళ్ల ఉద్దేశం. ఇంతవరకు కొత్తేం లేదు. సర్వేలకు మన ఊళ్లు అలవాటుపడ్డాయి. కానీ ఇంతకుముందు వచ్చినవాళ్లంతా ప్రశ్నలు రాసుకుని వచ్చారు. వీళ్లు మాత్రం ప్రశ్నలు రాసేటప్పుడే మీలో కొందరు మా పక్కన కూర్చుంటారా అని అడిగారు. వచ్చిన జవాబులకు అర్థం చెప్పేటప్పుడు కూడా ఉండాలన్నారు. కార్యవర్గం ఆ ఉత్తరం మా చేతిలో పెట్టి, నలుగురినీ అడిగి సభ ముందు చెప్పండి అంది. మేము విన్నది, చదివినది, మాకు తోచినది చెప్తాం. నిర్ణయం మీది.

ముందు మామూలు సర్వే ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వస్తుంది. పాపం ఎండన పడి వస్తుంది, మంచినీళ్లిస్తాం. ఇల్లు చూపించిన ఆశా కార్యకర్త పక్కనే నిలబడి ఉంటుంది. "ఆసుపత్రిలో సిబ్బంది మీతో ఎలా ప్రవర్తించారు? చాలా బాగా, బాగా, పర్వాలేదు, బాగాలేదు" అని గబగబా చదువుతుంది. "బాగానే చూశారమ్మా" అంటాం. టిక్కు పడుతుంది. ఆ అమ్మాయి గడప దాటాక వంటింట్లో తోడికోడలితో చెప్పుకునేది వేరు.

అట్లా ఎందుకు అంటాం? మనం అబద్ధాలకోరులమా? కాదు కదా. రేపు మనవరాలి కాన్పుకు మళ్లీ ఆ ఆసుపత్రికే పోవాలి. ఆ నర్సమ్మ మన ఊరి మీదుగానే బస్సెక్కుతుంది. ఇంకోటేమిటంటే, మనం ఏమాత్రం ఆశ పెట్టుకున్నామో దాన్ని బట్టే కదా సంతృప్తి. తిట్లు తింటామనుకుని వెళ్లిన మనిషిని తిట్టకుండా పంపిస్తే ఆమెకు అది మహా మర్యాదగానే ఉంటుంది. మంచం దొరకదనుకున్న మనిషికి ఇద్దరికో మంచం దొరికినా సంతోషమే. కాబట్టి "సంతోషంగా ఉన్నారా" అని అడిగితే వచ్చే జవాబు ఆసుపత్రి గురించి తక్కువ చెప్తుంది, మనం పడి ఉండే అలవాటు గురించి ఎక్కువ చెప్తుంది. "ఏం జరిగింది" అని అడిగితే వచ్చేది వేరే. ఈ పనిలో ఉన్నవాళ్లు కూడా ఈ తేడా గమనించారు. సంతృప్తిని కొలవడం ఒకటి, అనుభవాన్ని తెలుసుకోవడం ఇంకొకటి అంటున్నారు.

ఉత్తరం వచ్చాక మేము కొన్ని గ్రామ సంఘాల్లో, మీటింగు అయిపోయి పుస్తకాలు మూసేశాక, ఆపరేషన్ అయినవాళ్లతో విడిగా కూర్చున్నాం. అధికారులెవరినీ పిలవలేదు. పేర్లు రాయలేదు, ఇక్కడా చెప్పం. ఊళ్ల పేర్లు కూడా చెప్పం.

ఒకామె అంది: "తెల్లబట్ట, నడుంనొప్పి అని పోయాను. స్కానింగ్ తీసి, సంచికి పుండు పడింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది అన్నారు. ఆ మాట విన్నాక నాకింకేం వినపడలేదు." ఇంకొకామె: "సంతకం మా ఆయనతో పెట్టించుకున్నారు. కాగితంలో ఏముందని నన్నూ అడగలేదు, ఆయన్నూ అడగలేదు." ఒక పెద్దామె మాత్రం గట్టిగా అడ్డం వచ్చింది: "అందర్నీ ఒక్క గాటన కట్టొద్దు. నాకు రక్తం పోయి పోయి నిలబడలేకపోయేదాన్ని. ఆపరేషన్ చేసి నన్ను బతికించారు." ఆమె మాట నిజమే. ఆపరేషన్ తప్పనిసరి అయిన రోగాలున్నాయి. మా ఉపసంఘం డాక్టర్లకు వ్యతిరేకంగా మాట్లాడటానికి రాలేదు. మరొకామె ఇంకో కోణం చెప్పింది. ఆమెను ఎవరూ భయపెట్టలేదట, తనే అడిగి చేయించుకుందట. "నాట్లప్పుడు నెలసరి వస్తే బురదలో నిలబడలేం. కూలి పోతుంది. పిల్లలు పుట్టేశారు, ఇంక సంచితో పనేముంది అనుకున్నా." ఆమెకు అప్పటికి ముప్పై రెండేళ్లు.

వాళ్లతో కూర్చున్నప్పుడు మేము ఒక మాట అడిగాం: మిమ్మల్ని ఎవరూ అడగని ప్రశ్న ఏదైనా ఉందా, మీరైతే ఏం అడుగుతారు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక గోడకానుకుని కూర్చున్నామె అంది: "ఆపరేషన్ అయ్యాక ఎన్నో రోజున బిందె ఎత్తావు అని అడుగుతా."

ఆ మాటతో అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. బరువులు ఎత్తొద్దని డిశ్చార్జి కాగితంలో రాసి ఇస్తారు. ఎత్తకపోతే నీళ్లు ఎవరు తెస్తారో కాగితంలో ఉండదు. ఒకామె పదో రోజున ఎత్తిందట. ఒకామె పక్షం రోజులకు పత్తి తీతకు పోయిందట, ఎందుకంటే ఆపరేషన్ కోసం సంఘంలో తీసుకున్న అప్పుకు కిస్తీ కట్టాలి. మన అప్పుల పుస్తకాల్లో "కారణం" అనే గడిలో "ఆరోగ్యం" అని ఒక్క మాట రాసి వదిలేస్తాం. ఆ ఒక్క మాట వెనక ఎంత ఉందో ఆ రాత్రి విన్నాం. బిందె ప్రశ్న ఏ ట్యాబ్‌లోనూ లేదు. ఎంత చదివినవాళ్లకైనా ఆ ప్రశ్న తట్టదు, నీళ్లు మోసిన నడుముకే తడుతుంది. వైద్య కళాశాలవాళ్లు మనల్ని పక్కన కూర్చోమని అడగడంలో అర్థం ఉందని మాకు మొదటిసారి అక్కడే అనిపించింది.

లెక్కలు లేవని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16లో చేసినప్పుడు 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను ఈ ఆపరేషన్ గురించి అడిగారు. దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేసి ఉంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, అంటే దేశంలోకెల్లా ఎక్కువ. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే అంత రోగం ఎందుకొచ్చిందో ఎవరైనా ఆలోచించాల్సిందే. ఎంతమందికి అయిందో సర్వే చెప్పగలిగింది. ఆ గదిలో డాక్టరు బల్ల ముందు కూర్చున్నప్పుడు ఏ మాట విని తల ఊపారో చెప్పాల్సింది తల ఊపినవాళ్లే.

ఇక్కడ రెండు ముక్కలు సభ్యులకు తెలియాలి కాబట్టి చెప్తున్నాం. తెల్లబట్ట అయినంత మాత్రాన క్యాన్సర్ కాదు. ఎక్కువసార్లు అది మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. బ్లీడింగ్ ఎక్కువైనా ముందు మాత్రలు, హార్మోను ఉన్న లూపు లాంటి దారులు ఉన్నాయి. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఉడిగినట్టే ఒక్కసారిగా అయిపోయి ఒంట్లో ఆవిర్లు, ఎముకల బలహీనత త్వరగా వస్తాయి. అండాశయాలు ఉంచినా కొందరికి ముందుగా రావచ్చు. అందుకని "ఏమేం తీస్తున్నారు, వేరే దారి ఏముంది" అని అడగడం మన హక్కు. అనవసరంగా ఈ ఆపరేషన్లు చేస్తున్నారని సుప్రీంకోర్టులో వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు రాష్ట్రాలకు చెప్పింది. జిల్లా స్థాయి దాకా పర్యవేక్షణ కమిటీలు ఉండాలని, నలభై ఏళ్లలోపు వాళ్లకు చేస్తే కారణం చూడాలని వాటిలో ఉంది. సరే, మళ్లీ మన విషయానికి వద్దాం.

రోగులను పరిశోధనలో పక్కన కూర్చోబెట్టుకుంటే ఏమవుతుంది? ఎక్కడైనా జరిగిందా? జరిగింది. మాకు బాగా నచ్చినది కీళ్లవాతం కథ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు కదా, పొద్దున్నే చేతివేళ్లు బిగుసుకుపోయే జబ్బు. అది మగవాళ్ల కంటే ఆడవాళ్లకు బాగా ఎక్కువ. ఆ జబ్బుకు మందు పనిచేసిందా లేదా తేల్చడానికి ఏమేం కొలవాలి అని ప్రపంచంలోని డాక్టర్లు కొన్నాళ్లకోసారి సమావేశమై మాట్లాడుకునేవాళ్లు. వాచిన కీళ్లు లెక్కపెట్టేవాళ్లు, నొప్పి ఎంత అని అడిగేవాళ్లు, రక్తం పరీక్ష చూసేవాళ్లు. 2002లో ఆస్ట్రేలియాలో జరిగిన సమావేశానికి మొదటిసారి రోగులను కూడా పిలిచారు. వాళ్లు ఏం చెప్పారో తెలుసా? అలసట గురించి చెప్పారు. మామూలుగా పని చేస్తే వచ్చే అలసట వంటిది కాదు, నిద్రపోయినా పోని అలసట. అన్నేళ్లు ఆ జబ్బు మీద పరిశోధన చేసినవాళ్ల ముఖ్యమైన కొలతల్లో అది లేదు. రోగులు కూర్చున్నాక చర్చ మొదలై, కొన్నేళ్లకు అలసటను కూడా కొలవాలని ఒప్పుకున్నారు. మన బిందె ప్రశ్న లాంటిదే ఇది.

ఇంగ్లండులో తల, మెడ క్యాన్సర్ రోగులతో ఇంకో పద్ధతి మొదలుపెట్టారు. రోగులు తమకు జరిగింది చెప్తుంటే వీడియో తీస్తారు. సిబ్బందితోనూ విడిగా మాట్లాడతారు. తర్వాత రోగులు, నర్సులు, డాక్టర్లు ఒకే గదిలో కూర్చుని ఆ వీడియో చూసి, ముందు ఏది బాగుచేయాలో ఇద్దరూ కలిసి ఎంచుకుంటారు. మన దగ్గర డాక్టరుగారు రోగితో సమానంగా కుర్చీ వేసుకుని కూర్చోవడం చూడాలంటే ఇంకా కొంత కాలం పట్టొచ్చు. అయినా పద్ధతి తెలుసుకోవడం మంచిది.

దేశం దాటి పోనక్కరలేదు కూడా. అహ్మదాబాదులో ఇలా భట్ 1972లో పెట్టిన సేవ సంఘం గురించి మన శిక్షణల్లో విన్నారు. చేతిపనులు, కూలిపనులు చేసుకునే ఆడవాళ్ల సంఘం. వాళ్లకు 1992 నుంచి సొంత బీమా ఉంది. ఆ బీమాలో సభ్యులు ఆసుపత్రి ఖర్చుల కోసం పెట్టుకున్న దరఖాస్తులు చూస్తుంటే ముఖ్యమైన కారణాల్లో గర్భసంచి ఆపరేషన్ ఒకటని కనపడింది. ఇంత చిన్న వయసులో ఇంతమందికి ఎందుకు అనే ప్రశ్న ఆ కాగితాల్లోంచి పుట్టింది, దాని మీద పరిశోధన జరిగింది. మనకు బీమా కంపెనీ లేకపోవచ్చు, అప్పుల పుస్తకాలు మాత్రం ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. వాళ్లు ఆరోగ్య కార్యకర్తలతో ఆడవాళ్లకు జాగ్రత్తలు బోధించి, దానివల్ల ఆసుపత్రి పాలవడం తగ్గిందా అని చూశారు. బోధన ఒక్కదానితో తగ్గినట్టు కనపడలేదు. అంటే లోపమంతా ఆడవాళ్ల తెలివితక్కువతనంలో లేదన్నమాట. ఈ ఫలితాన్ని వాళ్లు దాచిపెట్టకుండా అచ్చు వేశారు. అది మాకు వాళ్ల మీద గౌరవం పెంచింది.

ఝార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి 2008 వరకు మూడు జిల్లాల్లో చేసిన పని మన సంఘాలకు ఇంకా దగ్గర. ఆడవాళ్ల బృందాలు నెలకోసారి కూర్చుని, బొమ్మలు, కథలు, ఆటలతో కాన్పు కష్టాలు మాట్లాడుకుని, ఏది ముందు పరిష్కరించాలో తామే ఎంచుకుని, ఉపాయం తామే వేసుకున్నారు. డాక్టరు ఉపన్యాసం లేదు. బృందాలు ఉన్న ప్రాంతాలను లేని ప్రాంతాలతో పోల్చి చూస్తే చివరి రెండేళ్లలో పుట్టిన నెలలోపు శిశువుల మరణాలు 45 శాతం తక్కువగా ఉన్నాయి. ఎక్కువగా ఆదివాసీ ఊళ్లు అవి, చదువు తక్కువ. సమస్య ఎంచుకోవడం చదువురానివాళ్ల వల్ల కాదు అని ఇంకెవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మంచి కథలు చెప్పాం. ఇప్పుడు మన గడ్డ మీదే జరిగిన ఒక కథ కూడా చెప్పాలి, ఎందుకంటే ఉత్తరం చదవగానే మాలో కొందరికి మొదట గుర్తొచ్చింది అదే.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు ఒక టీకా ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే టీకా అది. పిల్లలకు పదేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. చాలామంది గిరిజన హాస్టళ్లలో చదివేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తల్లీతండ్రీ ఊళ్లో ఉండగానే వార్డెను సంతకం!

ఒకటి స్పష్టంగా చెప్పాలి. టీకాతో మనకు తగాదా లేదు. అప్పట్లో చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ క్యాన్సర్ నుంచి కాపాడే టీకా అదే, మన మనవరాళ్లకు వేయించుకోదగ్గదే. అక్కడ పోయింది అడగడం. అడిగి, చెప్పి, ఒప్పుకుంటే చేయాల్సిన మంచి పనిని అడక్కుండా చేశారు. దాంతో ఆ టీకా పేరెత్తితేనే ఊళ్లు భయపడే పరిస్థితి వచ్చింది. నష్టపోయింది ఎవరు? మన పిల్లలే.

కాబట్టి భాగస్వామ్యం అనే మాట వినగానే మురిసిపోవద్దని మా మనవి. సంఘం నడిపేవాళ్లకు ఆ మాట అర్థం వేరే చెప్పక్కరలేదు. అప్పు ఎవరికివ్వాలో బ్యాంకు మేనేజరే నిర్ణయించి మనల్ని సంతకం పెట్టమంటే దాన్ని సంఘం అంటామా? పుస్తకం అందరి ముందు తెరిచి చదవకపోతే ఊరుకుంటామా? వైద్య కళాశాలవాళ్లను మేము మా పుస్తకం పద్ధతిలోనే కొన్ని మాటలు అడగాలనుకున్నాం. వాళ్లతో ఒకసారి ఫోనులో మాట్లాడాం కూడా. కొన్నింటికి ఒప్పుకున్నారు, కొన్నింటికి ఆలోచిస్తామన్నారు.

మొదటిది మనుషుల ఎంపిక. ఉత్తరంలో "సమాఖ్య నాయకురాళ్లను పంపండి" అని ఉంది. మేము వద్దన్నాం. నాయకురాళ్లు బాగా మాట్లాడతారు, నిజమే. కానీ బిందె మాట చెప్పిన ఆమె ఏ పదవిలోనూ లేదు, సంతకం కూడా రాదు. ఆపరేషన్ అయినవాళ్లే ఎక్కువమంది ఉండాలి. సంఘంలో కిస్తీలు కట్టలేక మీటింగులకు రావడం మానేసినవాళ్లలో ఆసుపత్రి అప్పుల వల్ల మానేసినవాళ్లు ఉంటారు. వాళ్ల గుమ్మం దగ్గరికి మనమే వెళ్లి పిలవాలి. వాళ్లు లేకుండా ఈ పని చేస్తే తీరిన అప్పుల కథలే రాస్తారు.

రెండోది కూలి. ఒక రోజు ప్రశ్నలు రాయడానికి కూర్చుంటే ఒక రోజు కూలి పోతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల్లోనే ప్రయాణ ఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చని ఉంది. టీ, బిస్కట్లు ఇచ్చి ఫొటో తీసుకుని పంపిస్తే కుదరదు. డాక్టర్లకు జీతం వస్తూ ఉంటుంది, వాళ్ల పక్కన కూర్చునే మనిషి ఎండుపూట గడపకూడదు. (ఈ మాటకు ఫోనులో అవతల కాసేపు నవ్వారు, తర్వాత ఒప్పుకున్నారు.)

మాట్లాడే చోటు గురించి చాలాసేపు వాదన జరిగింది. ఇంట్లో అయితే అత్త ఉంటుంది. ఆసుపత్రిలో అయితే నర్సు. మా ఉపసంఘంలో ఒకరు మన సొంత సభ్యులే ఊరూరా తిరిగి అడిగితే బాగుంటుందన్నారు. ఇంకొకరు ఒప్పుకోలేదు: "మన ఊరామెతో నా కడుపులో సంగతి చెప్తే రేపు నీళ్ల పంపు దగ్గర అందరికీ తెలుస్తుంది." రెండూ నిజమే. కాబట్టి ఒక ఊరివాళ్లను ఇంకో ఊరివాళ్లు అడగాలి, ఆశా గానీ, వీవోఏ గానీ, భర్త గానీ పక్కన ఉండకూడదు అని తేల్చాం. భర్త ఉండకూడదంటే కొన్ని ఇళ్లలో గొడవ అవుతుంది. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ ఇంటి ఆడమనిషే ఏది క్షేమమో చెప్పాలి, ఆమె వద్దంటే వదిలేయాలి.

అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. వేలిముద్ర వేసేవాళ్లకు పరిశోధన వాళ్లతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇవి కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నవే, మనం కొత్తగా కోరుతున్నవి కావు. మధ్యలో మానేస్తానంటే కారణం అడక్కూడదు. మానేసినా, చెప్పినా, చెప్పకపోయినా సంఘంలో అప్పుకు, ఆసుపత్రిలో వైద్యానికి ఏ అడ్డూ ఉండకూడదు. ఈ ముక్క పత్రంలో పెద్ద అక్షరాలతో రాయాలని అడిగాం.

చివరిది మాకు అన్నింటికంటే ముఖ్యం. రాసింది అచ్చుకు పోకముందు మన గ్రామ సంఘాల్లో తెలుగులో చదివి వినిపించాలి. "మేము అన్నది ఇది కాదు" అనే అవకాశం మనకు ఉండాలి. మన మాటను "అవగాహన లోపం" అని రాస్తే అడిగి దిద్దించాలి. నిజంగా మాట తేడా వచ్చి, డాక్టర్లు ఒకటి, మనం ఒకటి అనుకుంటే రెండూ అచ్చు వేయాలి. ఇదే "ఆలోచిస్తాం" అన్న మాటల్లో ఉంది. జవాబు ఇంకా రాలేదు.

సభ్యులు అడిగిన రెండు ప్రశ్నలకు కూడా ఇక్కడే జవాబు చెప్తాం. "ఇదంతా చేస్తే మాకేమొస్తుంది?" రేపటికల్లా ఏమీ రాదు. అలసట సంగతి డాక్టర్ల లెక్కల్లోకి ఎక్కడానికి కొన్నేళ్లు పట్టింది. మన నొప్పి తగ్గదు, అప్పు మాఫీ కాదు. మన కూతుళ్లు డాక్టరు బల్ల ముందు కూర్చునే నాటికి ఆ గదిలో అడిగే మాట, చెప్పే మాట మారొచ్చు. అంతకన్నా ఎక్కువ మాట ఇవ్వలేం. "ఆసుపత్రి గురించి చెప్తే రేపు మమ్మల్ని చూస్తారా?" ఈ భయం నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడొద్దు. అందుకే డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు, ఊరి పేరు ఏదీ కాగితం మీదకు రాకూడదని, రికార్డు చేసిన మాటలు ఎవరి దగ్గర ఉంటాయో, ఎన్నాళ్లకు చెరిపేస్తారో రాసివ్వాలని అడిగాం. ఇక్కడ ఎవరి మీదా ఫిర్యాదు పెట్టడం లేదు. ఫిర్యాదు చేయాలనుకున్నవాళ్లకు వేరే దారి ఉంది, దానికి కూడా మా ఉపసంఘం తోడు వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. వచ్చే నెల మొదటి వారం గ్రామ సంఘం మీటింగులో ఈ ప్రసంగం చదివి వినిపించండి. ఆపరేషన్ అయినవాళ్లను ముందు మాట్లాడనివ్వండి, తర్వాతే మిగతావాళ్లు. ఒప్పుకుంటున్నామా లేదా, ఒప్పుకుంటే ఏ షరతులతో, ఇంకా ఏ షరతు కలపాలో తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు చేయండి. వద్దనుకుంటే వద్దనే రాయండి, దానికి కారణం ఒక్క ముక్క రాస్తే మాకు ఉపయోగం. పక్కన కూర్చోవడానికి ఇష్టమున్నవాళ్ల పేర్లు పుస్తకంలో ఎక్కించొద్దు. ఆ పేర్లు ఉపసంఘం సభ్యులకు నోటితో చెప్పండి చాలు. అడగాల్సిన ప్రశ్నలు ఏమైనా మీకు తడితే మాత్రం తప్పకుండా రాసి పంపండి. ఇప్పటికి మా దగ్గర పదకొండు ఉన్నాయి, అన్నింటికంటే పైన బిందె ప్రశ్న ఉంది. అన్ని సంఘాల తీర్మానాలు అందాకే, అచ్చుకు ముందు చదివి వినిపించాలనే షరతుకు కాలేజీ నుంచి జవాబు వచ్చాకే, కార్యవర్గం ఉత్తరానికి బదులు రాస్తుంది.